ఎదురింటి గాజు సేమ్యా

మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. పొద్దున పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు కబుర్లు, సాయంత్రం వంటలు. మొన్న మూడో అంతస్తు కోడలుపిల్ల అందులో ఒక వీడియో పెట్టింది. కొరియా వాళ్ళ సేమ్యా అట. కారెట్టు, పాలకూర, పుట్టగొడుగులు వేయించి, గాజుతీగల్లా మెరిసే సేమ్యాలో కలిపి, పైన నువ్వులు చల్లారు. కింద నా కోసం ప్రత్యేకంగా ఒక ముక్క రాసింది, "పిన్నిగారూ, మీరు కువైట్‌లో ఉండి వచ్చారు కదా, ఇది మీకు వచ్చే ఉంటుంది" అని. ఆ పిల్లకి కువైట్ అయినా కొరియా అయినా ఒకటే. విమానమెక్కి వెళ్ళే చోట్లన్నీ కలిపి ఒకే ఊరు. నవ్వొచ్చింది. రాదమ్మా అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. వచ్చమ్మా అంటే చేసి చూపించమంటుంది. ఏదీ రాయలేక ఫోను బోర్లా పెట్టి, శుభ్రంగానే ఉన్న కందిపప్పుని మళ్ళీ చేటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టాను.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళపాటు మేము కువైట్‌లో, ఫింటాస్ అనే చోట సముద్రానికి దగ్గరగా ఒక ఫ్లాటులో ఉన్నాం. మావారు ఒక కాంట్రాక్టు ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు. పిల్లలిద్దరూ తెల్లారీ తెల్లారకముందే స్కూలు బస్సెక్కేసేవాళ్ళు. నేను అమలాపురం దగ్గర పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. వీధి గుమ్మంలో నిలబడితే చాలు, దారినపోయేవాళ్ళు ఆగి ఇవాళ ఏం కూరండీ అని అడిగి, చెప్పేదాకా కదలని ఊరు మాది. ఫింటాస్‌లో గుమ్మం తీస్తే ఎదురుగా మరో మూసిన గుమ్మం. కిందనుంచి లిఫ్టు చప్పుడు, పైనుంచి ఏసీ నీటి చుక్కలు. తెలుగు మాట వినాలంటే సెలవురోజున మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా వెళ్ళాలి. అక్కడ కరివేపాకు, ములక్కాడలు, మన ఊరి కబుర్లు అన్నీ ఒకే సందులో దొరికేవి. ఆ ఒక్కరోజు సంపాదించుకున్న మాటలతో మిగతా వారమంతా నెట్టుకొచ్చేదాన్ని. మధ్యలో నంచుకోవడానికన్నట్టు, రోజుకో గంట ఇంటిపనికొచ్చే కడప ఆవిడ ఉండేది. ఆవిడ యాస నాకూ, నా యాస ఆవిడకీ నవ్వు తెప్పించేవి.

ఆ ఎదురు గుమ్మంలోకి ఒక ఎండాకాలం కొరియా దంపతులు దిగారు. ఆయన రిఫైనరీల వైపు ఏదో పెద్ద పనిలో ఇంజనీరు. లిఫ్టులో ఎదురుపడితే నడుం దాకా వంగి నమస్కారం చేసేవాడు. మావారికి మొహమాటం ఎక్కువ. మొదటిసారి తనూ అంతలా వంగబోయి, చేతిలో లంచ్ డబ్బా జారవిడిచి, లిఫ్టంతా పెరుగన్నం చేశారు. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. పిల్లల్లేరు. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నాది అంతకంటే గుప్పెడు ఎక్కువ. ఇద్దరికీ అరబ్బీలో థాంక్సుకి షుక్రన్, అయిపోయిందనడానికి ఖలాస్ వచ్చు. ఈ కాస్త సరుకుతో ఇద్దరు ఆడవాళ్ళు స్నేహం చేయవచ్చని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు. ఒకరోజు గారెలు వండి పట్టుకెళ్ళాను. గారె మధ్యలో చిల్లు చూసి ఆవిడ వేలికి తొడుక్కుని ఉంగరంలా చూపించి నవ్వింది. అంతే, ఆ తర్వాత ఎవరి గుమ్మం ఎవరు తట్టినా అది వంటింటికే దారి తీసేది. వంటింట్లో భాషతో పనేముంది, చెయ్యి చూపిస్తే చాలు. మా ఇంటికొచ్చే కడప ఆవిడనే వాళ్ళింటికీ కుదిర్చాను. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని అమ్మా అనే అర్థంలో మామా అని పిలవడం అక్కడి అలవాటు. నాకు అక్కా అనే పిలుపూ, ఎదురింటావిడకి మామా అనే పిలుపూ ఖాయమయ్యాయి.

గొడ్డుమాంసం మేం తినమని ఆవిడకి చెప్పడానికి నేను పడ్డ పాట్లు మాత్రం చెప్పాలి. రెండు వేళ్ళు నెత్తిమీద కొమ్ముల్లా పెట్టుకుని, ఒక్కసారి అరిచి చూపించి, వద్దని తల అడ్డంగా ఊపాను. ఆవిడ బెదిరిపోయి వెనక్కి జరిగింది. దయ్యం గురించి చెబుతున్నాననుకుందో, నాకే దయ్యం పట్టిందనుకుందో తెలియదు. మర్నాడు మార్కెట్టు సంచీ పట్టుకుని వచ్చి, తనే నెత్తిన కొమ్ములు పెట్టుకుని, రెండు చేతులూ అడ్డంగా ఊపి, సంచీ తెరిచి అన్నీ కూరగాయలే చూపించింది. ఆ రోజు నేను నవ్విన నవ్వుకి పక్క ఫ్లాటు వాళ్ళు గోడ మీద కొట్టారు.

ఆ సంచీతోనే నా సేమ్యా పాఠం మొదలైంది. వాళ్ళాయన పుట్టినరోజట. నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి, గోడ మీది ఆయన ఫోటోని చూపించి, కేకు కోసినట్టు అభినయించి చెప్పింది. చిలగడదుంప పిండితో చేసిన సేమ్యా, బూడిదరంగులో, చీపురుపుల్లలంత పొడుగు. నాకు సేమ్యా అంటే తెలిసినది ఒకటే పద్ధతి: ముందు విరవాలి, తర్వాత నెయ్యిలో ఎర్రగా వేయించాలి. ప్యాకెట్టు చేతికి రాగానే మోకాలికి ఆనించి విరవబోయాను. ఆవిడ కెవ్వుమని నా రెండు మణికట్లూ పట్టుకుంది. చేతులు బారచాపి పొడుగు చూపించి, మళ్ళీ గోడ మీది ఫోటో వైపు చూపించింది. వాళ్ళాయన పొడగరి అని మురిసిపోతోందనుకుని నేనూ మర్యాదకి తల ఊపాను. సాయంత్రం భోజనానికి పిలిస్తే వెళ్ళినప్పుడు ఆయన తన ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు, పుట్టినరోజు నాడు సేమ్యా తెంచరట, పోగు ఎంత పొడుగైతే ఆయుష్షు అంత పొడుగట. చెప్పి, పొడుగాటి పోగొకటి వాళ్ళు తినే జంట పుల్లలతో పైకెత్తి, తెగకుండా లోపలికి పీల్చేసి, పిల్లాడిలా గర్వంగా మా వంక చూశాడు. మా పిల్లలు అది నేర్చుకుని నెలరోజులు నా ప్రాణం తీశారు.

వండే పద్ధతి కూడా నాకు మొదట్లో విసుగనిపించింది. ఉల్లిపాయలు విడిగా, కారెట్టు విడిగా, పుట్టగొడుగులు విడిగా, ఒక్కొక్కటీ కొంచెం నూనెలో వేయించి పళ్ళెంలో వేరువేరు కుప్పలు పెట్టాలి. పాలకూర వేడినీళ్ళలో ముంచి తీసి పిండాలి. అన్నీ ఒక్క మూకుడులో పడేస్తే పోయేదానికి ఇంత తతంగమా అనుకున్నాను. ఒకదాని రంగు ఇంకొకదానికి అంటకూడదట. ఉడికిన సేమ్యాలో సోయా సాసు, పంచదార, వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె వేసి, అప్పుడు చేత్తో కలపాలి. గరిటెతో కాదు, చేత్తో. అక్కడ నా ప్రాణం లేచొచ్చింది. పులిహోర కలిపిన చెయ్యి నాది. ఆవిడ పక్కకి జరిగి గిన్నె నాకిచ్చేసింది. అడుగునుంచి పైకి, పోగు తెగకుండా, ముక్క నలగకుండా కలుపుతుంటే నా చేతివంక చూసి గుడ్, గుడ్ అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వంటకి అంత నోరారా మెచ్చుకోలు మావారి దగ్గర కూడా రాలేదు. ఉప్పు సరిపోయిందనడమే ఆయనగారి దృష్టిలో సన్మానం. ఆ రోజు నేను వచ్చేసేటప్పుడు ఆవిడ నా చేతిలో ఇంకో సేమ్యా ప్యాకెట్టూ, చిన్న సీసాలో ఆ నూనే పెట్టింది.

ఆ ప్యాకెట్టు ఇంకా విప్పకుండానే ఆయన పోయాడు. పొద్దున మామూలుగా వంగి నమస్కారం పెట్టి పనికి వెళ్ళినవాడు మధ్యాహ్నానికి గుండెపోటుతో ఆసుపత్రిలో పోయాడు. వాళ్ళ ఆఫీసు మనుషులు ఇద్దరు మెట్ల దగ్గర నిలబడి మావారితో చెబుతుంటే నేను తలుపు చాటున విన్నాను. ఎదురు గుమ్మం తెరిచే ఉంది. లోపల ఏడుపు వినిపించలేదు. మా వైపు చావంటే వీధి చివరిదాకా తెలుస్తుంది. ఏడుపుకి కూడా మాటలుంటాయి, పోయినవాడి గుణాలన్నీ రాగం తీసి చెప్పుకుంటారు. ఇక్కడ ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఆవిడ నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, గ్లాసులో పళ్ళరసం పోసి తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. మర్యాద మరిచిపోవడానికి కూడా ఓపిక కావాలేమో, అలవాటున చేసేసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఊరుకోమ్మా అనాలి, మనచేతుల్లో ఏముందమ్మా అనాలి. నాకున్న గుప్పెడు ఇంగ్లీషులో ఈ రెండూ లేవు. సారీ అని అన్నాను. బస్సులో కాలు తొక్కితే చెప్పే మాట అది. నా నోటితో ఆ మాట అని నాకే అసహ్యమేసింది.

ఆయన్ని స్వదేశం తీసుకువెళ్ళే కాగితాలు తెమలడానికి రోజులు పట్టింది. వాళ్ళ వాళ్ళు కొందరు వచ్చి వెళ్ళేవారు, ఆఫీసు నుంచి భోజనం డబ్బాలు వచ్చేవి. కడప ఆవిడ అక్కడ పని ముగించుకుని మా ఇంటికొచ్చి కబురు చెప్పేది. ఒకరోజు చీపురు కూడా అందుకోకుండా వంటింటి గడపలో కూలబడింది.

"ఆ మామా ముద్ద ముట్లేదక్కా. డబ్బాలు వచ్చినవి వచ్చినట్టే ఉండాయి, నేనే పారబోస్తాండా. రేపు సందేళకి ఇమానమంట. అట్లా ఒట్టి కడుపున ఎక్కితే మద్దెలోనే పడిపోతాదక్కా, నువ్వన్నా ఏందన్నా చెయ్యి."

ఏం చెయ్యను. రాత్రంతా అదే ఆలోచన. ఒక్క నాలుగు ముద్దలు ఆవిడ కడుపులో పడాలి, అంతకుమించి నేను చేయగలిగింది లేదు. మా ఊళ్ళో చావింట పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్ళే వండి తీసుకెళ్ళి, బతిమాలి, కసిరి, కలిపి నోట్లో పెట్టైనా తినిపించి వస్తారు. ఆ బాధ్యత ఇప్పుడు నాది. చారన్నం తీసుకెళ్ళనా అనుకున్నాను. మన పులుపు ఆవిడకి ఒంటదు. పెరుగన్నం చూస్తే మొహం తిప్పుకుంటుందని ఇదివరకే తెలుసు. నాకు చేతనైన కొరియా వంట ఒకటే ఒకటి. పొద్దున్నే ఆ ప్యాకెట్టు తీసి గట్టు మీద పెట్టాను. కారెట్టు తరిగాను. మావారు కాఫీ గ్లాసుతో వచ్చి అక్కడే ఆగిపోయారు.

"ఇది పుట్టినరోజుకి చేసేది కదే. చావింటికి బూరెలు పట్టుకెళ్ళినట్టు ఉంటుందేమో."

ఆయన వేళాకోళానికి అనలేదు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. నిజమే, ఆ ఆలోచనే నాకు రాలేదు. పోనీ మానేద్దామా అంటే ఇంకేం పట్టుకెళ్ళాలి? విమానం సాయంత్రమే. ఇంకో సంగతి. మైల భోజనంలో తాలింపు ఉండకూడదు. నూనెలో ముక్కలు వేయిస్తే అది తాలింపు కిందికొస్తుందా, రాదా? అమలాపురంలో అయితే అడగడానికి వీధికో పెద్దావిడ ఉంటుంది. ఫింటాస్‌లో ఎవరిని అడగను? మావారు చాలాసేపు ఆలోచించి, ఆవాలు వెయ్యలేదు కనక తాలింపు కాదని తీర్పు చెప్పారు. ఆయన తీర్పుని నేను ఏ అభ్యంతరం లేకుండా ఒప్పుకోవడం మా కాపురంలో అదే మొదటిసారి అనుకుంటాను.

అసలు చిక్కు సేమ్యా దగ్గర వచ్చింది. నీళ్ళు తెర్లుతున్నాయి. ప్యాకెట్టు చేతిలో ఉంది. విరవనా, విరవకుండా వెయ్యనా? పొడుగ్గా ఉంచితే ఆయుష్షు. ఎవరి ఆయుష్షు? ఆయనది అయిపోయింది. ఆయన లేకుండా ఈవిడకి ఇంత పొడుగు ఆయుష్షు అని గిన్నెలో పెట్టి చూపించాలా? పోనీ విరుద్దామా అంటే, విరిగిన పోగులు చూసి ఏమనుకుంటుంది? ఏది చేసినా తప్పే. నీళ్ళు సగం ఇగిరేదాకా అలాగే నిలబడ్డాను. చివరికి విరవలేదు. ఆవిడ నా మణికట్లు పట్టుకున్న పట్టు ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది, విరవడానికి చేతులు రాలేదు. అన్నీ విడివిడిగా వేయించాను, పాలకూర పిండాను, చేత్తో కలిపాను. నువ్వులు మాత్రం చల్లలేదు. మాకు నువ్వులంటే తద్దినాలే గుర్తొస్తాయి, ఆ గిన్నె మీద చల్లడానికి మనసు ఒప్పలేదు. నూనె కూడా నువ్వులదే కదా అని అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఇంకో గంట నిలబడేదాన్ని.

నేను వెళ్ళేసరికి రెండు పెట్టెలు గుమ్మం పక్కన కట్టేసి ఉన్నాయి. ఆయన బూట్లు మాత్రం అలాగే గోడవారగా ఉన్నాయి. ఆవిడ నల్లబట్టలు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, ప్రయాణానికి సిద్ధంగా కూర్చుంది. గిన్నె ముందు పెట్టి మూత తీశాను. చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. లేచి వెళ్ళి పుల్లలు తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. మొదటి పోగు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోకుండా, పోగు తెంచకుండా మొత్తం లోపలికి తీసుకుంది. తర్వాత ఇంకొకటి. ఆకలి అలాంటిది, దుఃఖం పక్కన కూర్చుని కూడా తన పని తను చేసుకుపోతుంది. గిన్నె సగమైంది. నాకు ఏడుపూ ఉపశమనమూ కలిసొచ్చాయి. అప్పుడు ఆవిడ గిన్నె నావైపు తోసి, పుల్లలతో ఒక ముద్ద ఎత్తి, కింద చెయ్యి పట్టి నా నోటి దగ్గర పెట్టింది. చావింట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా నాయనమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. నోరు తెరిచి తినేశాను. ఎలా తిననంటాను.

తినడం అయ్యాక ఆవిడ గిన్నె తీసుకుని కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది. వద్దని లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఇక నేను వెళ్ళాలి, ఆవిడని తీసుకెళ్ళేవాళ్ళు వచ్చే వేళైంది. పరామర్శకి వెళ్ళినవాళ్ళు చెప్పి రాకూడదు. వెళ్ళొస్తానంటే, ఇలాంటి పనిమీద ఆ ఇంటికి మళ్ళీ వస్తానన్నట్టు. అందుకని మా వైపు ఎంత దగ్గరవాళ్ళయినా గమ్మున లేచి, వెనక్కి తిరగకుండా నడిచి వచ్చేస్తారు. ఆ ఇంట్లో తినకూడదన్నది నా మంచికోసం పెట్టిన కట్టుబాటు, దాన్ని దాటేశాను. చెప్పి రాకూడదన్నది ఆవిడ మంచికోసం పెట్టింది. దాన్ని దాటడానికి నాకేం హక్కుంది? ఆవిడ వంటింట్లో ఉండగానే లేచాను. గిన్నె పోతే పోయింది అనుకుని, ఆయన బూట్ల పక్కనుంచి, చప్పుడు కాకుండా మా ఇంట్లోకి వచ్చేశాను.

చావింటి నుంచి వస్తే దేన్నీ ముట్టకుండా స్నానం చెయ్యాలి. మావారు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళి, కట్టుబట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకున్నాను. రెండు చెంబులు పోసుకున్నానో లేదో, గుమ్మంలో గంట మోగింది. ఆగి విన్నాను. మళ్ళీ మోగింది. ఆ తర్వాత చేత్తో మెల్లిగా రెండు దెబ్బలు. మనిషి ఎవరో అర్థమైపోయింది. "వస్తున్నానండీ" అని అరిచాను, తెలుగులో. తడిబట్టలు ఒంటికి అంటుకుపోయాయి, తలలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ అవతారంలో ఎలా వెళ్ళను? చేతికి దొరికిన చీర చుట్టబెట్టుకుని తలుపు తీసేసరికి వసారా ఖాళీ. ఎదురు గుమ్మానికి తాళం. లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు. మా గడప పక్కన నా గిన్నె తోమి, తుడిచి, మూత పెట్టి ఉంది. తీసి చూస్తే లోపల రెండు కారెట్లు, ఒక ఉల్లిపాయ. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న మర్యాద వాళ్ళకీ ఉంది కాబోలు. ఆ ఇంట్లో అప్పటికి మిగిలినవి అవే అయి ఉంటాయి.

బాల్కనీలోకి పరిగెత్తాను. కారు అప్పటికే సముద్రం పక్క రోడ్డెక్కి తిరిగిపోతోంది. ఎంతసేపు ఎదురుచూసిందో, నేను కావాలనే తలుపు తియ్యలేదనుకుందో, నా కేక విని ఏమనుకుందో తెలిసే దారి లేదు. మావారు తర్వాత ఆ కొరియా ఆయన ఆఫీసులో అడిగించారు. పని ముగించుకుని ఆయన తోటివాళ్ళూ వెళ్ళిపోయారు, ఆవిడ ఊరు చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. నేను పాటించిన పద్ధతి సరైనదే అని పెద్దవాళ్ళెవరిని అడిగినా అంటారు. అన్నారు కూడా. కాలం అన్నిటినీ దాటిస్తుందంటారు. కువైట్ దాటింది, పిల్లల చదువులు దాటాయి, మావారి ఉద్యోగం దాటింది. నెత్తిన నీళ్ళు పోసుకుని తలుపు దాకా వచ్చిన ఆ కాస్త సేపు మాత్రం నాకు ఇంకా గడవడం లేదు.